భజన మందిరానికి ఫోటో

గోవిందమ్మ నోట్లో నువ్వుగింజ నానదని అత్తిమంజేరిపేట నేతవీధిలో అందరికీ తెలుసు. ఇక సంతోషమొస్తే ఆమెను పట్టడం ఎవరి తరమూ కాదు. ఆ ఆదివారం పొద్దున్నే వీధంతా తిరిగి చాటింపు వేసినట్టు చెప్పింది.

"మా జనని వస్తా ఉండాది. మన భజన మందిరాన్ని మిషన్‌తో ఫోటో తీస్తాది. అందురూ రాండి!"

సంగతేమిటంటే, మందిరం ముందువరస రాతిస్తంభాలు వీధివైపు ఒరిగాయి. మొన్నటి తుఫాను వానలకు గోడ కూడా నెర్రె విచ్చింది. మందిరం పెద్ద జయరామ గోవిందమ్మకు మేనమామ. అది ఎవరి నెత్తినైనా పడితే పూచీ ఎవరిదని బెంగపడి, సోమవారం పడగొట్టించడానికి జేసీబీకి చెప్పేశాడు. గోవిందమ్మ అడ్డం పడింది. బుద్ధెరిగిన నాటినుంచీ ఆమె శనివారాలన్నీ ఆ స్తంభాల మధ్యే గడిచాయి. మందిరం లేని వీధిని ఆమె ఊహించుకోలేకపోయింది.

"ఆదివారం దాకా టైం ఇయ్యి మామా. నిలబడతాదని జనని చెప్తే నిలపాల. పడిపోతాదంటే నేను నోరు మూసుకుంటా."

గోవిందమ్మ నోరు మూసుకుంటానన్నదంటే సంగతి ఎందాకా వచ్చిందో జయరామకు అర్థమైంది. సరేనన్నాడు.

జనని ఆమె తమ్ముడి కూతురు. మణవాళనగర్‌లో ఉంటూ, రోజూ తిరువళ్ళూరులో రైలెక్కి చెన్నై పోయి, పాత కట్టడాలను లేజరుతో కొలిచే ఆఫీసులో పనిచేస్తుంది. ఆ రోజు స్కానర్ పెట్టె, మూడుకాళ్ల స్టాండు తీసుకుని కారు దిగింది. మందిరం వైపు చూసి తెరిచిన నోరు మూయలేదు.

ఫోటో అన్నాక నేతవాళ్లు ఊరుకుంటారా? ప్రతి స్తంభానికీ మగ్గం మీదనుంచి దించిన కొత్త చీర చుట్టారు. గోడలకు జరీ పంచెలు కట్టారు. లోపల పెద్దలు కుర్చీల్లో, ఆడవాళ్లు వెనక, పిల్లలు నేలమీద, పెళ్లి ఫోటోకు కూర్చున్నట్టు సర్దుకుని కూర్చున్నారు. ఇదంతా ఎవరి పుణ్యమో వేరే చెప్పాలా!

"అయ్యో అత్తా! లేజరు దేనికి తగిల్తే దాన్నే కొలస్తాది. ఇప్పుడు తిప్పితే చీరలే వస్తాయి, స్తంభాలు రావు."

ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అన్నారా. గోవిందమ్మ నాలిక కరుచుకుంది. మరుక్షణమే కొంగు బిగించి, "సీక్రం ఇప్పండి! మనుషులు కూడా బయటికి!" అని అరుస్తూ మొదటి చీర తానే లాగేసింది. అలిగిన పెద్దలను బుజ్జగించే పనీ ఆమెకే పడింది.

ఖాళీ మందిరంలో స్కానర్ తల గిర్రున తిరుగుతుంటే, బయట వీధివీధంతా ఊపిరి బిగబట్టి చూసింది. జనని దాన్ని ఒక్కో మూలకూ మార్చి తిప్పింది. తర్వాత టాబ్లెట్ తెరిచేసరికి ముగ్గు చుక్కల్లాంటి సన్నని చుక్కలతో మందిరం మొత్తం లేచి నిలబడింది. దూలాలు, పగుళ్లు, స్తంభాల మీది చిలకలు, అన్నీ ఉన్నాయి. గోవిందమ్మ ఒళ్లు ఝల్లుమంది. జనని వేలితో దాన్ని అటూ ఇటూ తిప్పింది, అడ్డంగా కోసి లోపల చూపింది. ఆపైన చెన్నైలోని ఇంజినీరుకు పంపి చాలాసేపు ఫోన్లో మాట్లాడింది.

"లోపలి స్తంభాలు నిట్టనిలువునా ఉండాయి అత్తా. కప్పు కూడా కదల్లేదు. మందిరం నిలబడతాది!"

వీధి ఒక్కసారిగా కేకలేసింది. గోవిందమ్మ జననిని ఎత్తి తిప్పినంత పని చేసింది. కానీ ఆ పిల్ల ముఖం మాత్రం వెలగలేదు.

"ముందువరసే ఒరిగింది. దానికి ఆనించి కట్టిన సిమెంటు వరండా బరువు లాగేస్తా ఉండాది. కింద కర్రలు నిలబెట్టి, మెల్లగా ఆ వరండాని దించేయాలని సారు చెప్పినాడు."

కేకలు ఆగిపోయాయి. ఆ వరండా కట్టించింది గోవిందమ్మ తండ్రి వరదన్. నేసిన డబ్బంతా పోసి కట్టించి, ముందు తన పేరు చెక్కించిన రాయి పెట్టుకున్నాడు. మరుసటి ఏడాదే పోయాడు. ఆ రాయికి మొక్కకుండా గోవిందమ్మ లోపలికి అడుగుపెట్టిన రోజు లేదు.

"బావ పేరుండాది గదమ్మే. ఎట్ల పగలగొట్టేది?" అన్నాడు జయరామ.

గోవిందమ్మ ఆ రాయి దగ్గరికి పోయి పేరును చేత్తో నిమిరింది. వీధిలో అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు.

"నాయన ఏనాడన్నా ఆ వరండాలో కూసున్నాడా మామా? ఆడ అందురూ చెప్పులు ఇడుస్తారు. ఆయన లోపల కూసోని భజనకి తాళం ఏసినాడు. నాయన ఉండేది లోపలే."

కళ్లు తుడుచుకుని జనని వైపు తిరిగింది.

"ఆ పేరు కూడా నీ మిషన్‌లోకి వచ్చినాదా?"

"వచ్చినాది అత్తా. అచ్చరం అచ్చరం."

"ఇంకేం మరి! మామా, ఆ జేసీబీవోణ్ణి రావద్దని చెప్పు. గడ్డపార యాడుంది?"