సూరీడు కనిపించని మూడు రోజులు

రాయడం నాకిదే మొదలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఒక వాసన దగ్గర మొదలుపెడుతున్నాను. రియాద్‌లో నేను పనిచేసే ఇంట్లో పెద్దావిడకు నర్సుగా ఉన్న నాదియా, మొన్న సెలవుకి ఈజిప్టు వెళ్ళి ఒక బొమ్మ తెచ్చుకుంది. నది ఒడ్డున పెరిగే తుంగలాంటి గడ్డిని పరిచి నొక్కి చేసిన కాగితం అది. దాని మీద డేగ తల ఉన్న మనిషి, తల మీద ఎర్రటి గుండ్రటి బిళ్ళ.

"యా లక్ష్మీ, ఈయన పేరు 'రా'. మా పాతకాలం వాళ్ళకి దేవుళ్ళందరిలో పెద్ద. సూర్యుడు" అంది. ఆయన పగలంతా పడవలో ఆకాశం దాటేవాడట, రాత్రి భూమి కింద పెద్ద పాముతో పోరాడి గెలిస్తేనే తెల్లవారేదట. ఆయన గెలవాలని గుళ్ళలో రోజూ పూజలు చేసేవాళ్ళట.

"ఇప్పుడెవరన్నా మొక్కుతారా?" అని అడిగాను.

"ఎవరూ లేరు. బొమ్మలు అమ్ముకుంటున్నాం, అంతే" అని నవ్వింది.

కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసి ఆరిన తుంగచాప వాసన. అచ్చం మా అమ్మమ్మ చాప వాసన.

మాది కోనసీమ. అమ్మ మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళాక ఇంట్లో అమ్మమ్మా నేనే మిగిలాం. రథసప్తమికి అమ్మమ్మ నా నెత్తిన, భుజాల మీద జిల్లేడాకులు పెట్టి, రేగుపళ్ళు పెట్టి, వణికిపోతుంటే చన్నీళ్ళు పోసేది. పిడకల దాలి మీద పాలు పొంగించి, కొత్తబియ్యం, బెల్లం వేసి వండిన పరమాన్నం చిక్కుడాకుల్లో పెట్టేది. ఆ పొగ వాసన పరమాన్నంలోకి కూడా వచ్చేది. అదంతా ఏడాదికి ఒక్కరోజు. రోజూ ఉండేది ఇంకో నియమం. సూర్యుణ్ణి చూసి దణ్ణం పెట్టుకోకుండా అమ్మమ్మ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. కళ్ళు మసకలొచ్చి, వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియని రోజుల్లో కూడా మానలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తుఫాను పట్టింది. మూడు రోజులు మబ్బు విడవలేదు. అమ్మమ్మ మూడు రోజులూ పస్తే. మూడోనాటికి చాప మీంచి లేవలేకపోయింది, పిలిస్తే మూలిగేది. అమ్మమ్మ కూడా పోతే నేనెవరి దగ్గరుండాలో తెలియక భయమేసింది.

ఇత్తడి పళ్ళెం చింతపండుతో తళతళలాడేలా తోమాను. కిటికీలో నిలబెట్టి, దాని మీద బ్యాటరీ లైటు వేశాను.

"అమ్మమ్మా, లెగు! సూరీడొచ్చాడు!"

"ఏదే, ఏ పక్కన?"

"ఇదిగో, కిటికీలో. కనపడతన్నాడా?"

అమ్మమ్మ ఆ మెరుపు వైపు చాలాసేపు చూసింది. తర్వాత చేతులు జోడించింది. నేను గంజి పట్టిస్తే గిన్నె ఖాళీ చేసింది. నాకు భయం ఎక్కువైంది. దేవుడి విషయంలో అబద్ధం ఆడానని, ఉరుములు వినపడకుండా ఆ రాత్రంతా చెవులు మూసుకుని పడుకున్నాను.

మర్నాడు నిజంగానే ఎండ కాసింది. అమ్మమ్మ గోడ పట్టుకుని అరుగు మీదకి వచ్చి, మొహం పైకెత్తి నిలబడింది.

"ఈయనేనే సూరీడు. నిన్న నువ్వు తెచ్చినాయన సల్లగా ఉన్నాడు" అంది.

నేను అమ్మమ్మ కొంగు పట్టుకున్నాను.

"మరి తెలిసీ ఎందుకు తిన్నావే?"

"నీ సేతులు ఒణుకుతుంటే ఆ ఎలుగూ ఒణికింది. పిల్ల బెదిరిపోయిందని తిన్నాను. ఆయనకి నేను సెప్పుకుంటాలే, ఎల్లి పళ్ళు తోముకో."

ఆ పూట మాత్రం అమ్మమ్మ అన్నం ముట్టలేదు. అది నా అబద్ధానికి తనకి తను వేసుకున్న శిక్ష అని చాలా ఏళ్ళకి అర్థమైంది.

అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఊళ్ళో తుంగచాపలు నేసేవాళ్ళు లేరు, అందరివీ ప్లాస్టిక్ చాపలే. మబ్బు పట్టినా అందరూ వేళకి తింటున్నారు. ఇక్కడ మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పొద్దున్నే మాడు కాలిపోతుంది. అమ్మమ్మ ఇక్కడుంటే ఏ రోజూ పస్తుండాల్సిన పని ఉండేది కాదు. ఆ సూరీడి కోసం ఆకలితో ఎదురుచూసేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. అయినా రోజూ వస్తూనే ఉన్నాడు.