బోరుకు కంప కప్పి డ్రిప్పుకు ఏడ్చిన సంగతి

ఏడిస్తే పనులయితాయని ఎవురన్నా చెప్తే నమ్మబాకండి. అట్లా నమ్మి నేను చేసుకున్న నాశనం చెప్తా, నవ్వుకోండి. నాకిప్పుడు సిగ్గు లేదు, ఆ పొద్దే అంతా ఖర్చయిపాయ.

రెండువేల సంవత్సరం దాటినాక కొన్నాళ్లకు జరిగింది. పుంగనూరు పక్క పల్లె మాది. మా ఆయన పోయి రెండేండ్లు. నాకు మిగిలింది ఎకరం టమేటా, జలుబు చేసిన ముక్కు మాదిరి కారే ఒక బోరు. నీళ్లన్నీ కాలవ మట్టే తాగేసేది. చివరి సాళ్లకు తడి వాసన కూడా పోదు. డ్రిప్పు పైపులు పెడితే చుక్క చుక్క చెట్టు మొదట్లోనే పడతాదంట, గవర్నమెంటోళ్లు ఇస్తాండారంట. అవి రాకుంటే చేను ఎండిపోతాది. మదనపల్లె ఆఫీసుకు పోయినా.

"ఇది మాది కాదమ్మా, పక్క గది."

పక్క గదిలో, "సారు క్యాంపు."

నాలుగో తూరి పోయినప్పుడు అర్జీ మీద వేలిముద్ర ఏపిచ్చుకొని, "సారొచ్చి చేను చూస్తాడు, పో" అన్నారు.

పక్కింటి మునెమ్మక్కకు చెప్పినా.

"ఆఫీసరు వస్తే కరువు కనపడల్ల పాపా. కుప్పంలో మా తమ్ముడు చేన్లో పడి దొర్లి దొర్లి ఏడిస్తే, వాననీళ్లు ఇంకే గుంత తవ్విచ్చి ఇచ్చినారు."

"నాకు గుంత కాదక్కా, పైపులు."

"ఏదైతే ఏమే! గవర్నమెంటు ఒకటే గదా!"

ఈ మాట నాకు గొప్ప తెలివిగా తోచింది. నా బుర్ర ఎట్లాంటిదో చూసుకోండి.

బోరు పైపు మూతిలో చింకి గుడ్డలు బిగిచ్చి కుక్కినా. పైన తుమ్మకంప కప్పినా. నా బర్రెను అవతలి ఊరికి తోలి, ఎముకలు లెక్కపెట్టొచ్చే మునెమ్మక్క ఆవును తెచ్చి కట్టుకున్నా.

సారు జీపు దిగినాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫారం.

"ఏమ్మా, బోరులో నీళ్లున్నాయా?"

"నీళ్లా సామీ! కండ్లల్లోనివి కూడా అయిపోయినాయి. బోరు సచ్చి ఆర్నెల్లాయ!"

"బాగా ఆలోచించి చెప్పమ్మా."

"మొగుడు పాయ, నీళ్లు పాయ!" గుండెలు బాదుకున్నా. గట్టు మీద మునెమ్మక్క ఇంకా గట్టిగా అని సైగ చేస్తాండాది.

సారు పాపం జాలిపడినాడు. 'నీళ్లు లేవు' అని రాసేసినాడు. "అయితే డ్రిప్పు రాదమ్మా. నీళ్లున్న బోరుకే డ్రిప్పు. లేనోళ్లకు గుంతలు. అది వేరే ఆఫీసు."

చటుక్కున కొంగుతో కండ్లు తుడుచుకున్నా.

"ఉండాయి సార్! నీళ్లుండాయి!"

"సచ్చిందంటివే?"

"బతికింది సార్!"

"ఏదీ, మోటారు ఎయ్యి."

"కరెంటు లేదు సార్."

"నీళ్లు లేవు, కరెంటు లేదు. నీ దగ్గర నిజమన్నా ఉందా అమ్మా?" అంటా, సారే పోయి కంప తొలిగిచ్చి పైపు మీదికి వంగినాడు.

మా ఊరి కరెంటు ఎప్పుడొస్తాదో దానికే తెలీదు. అందుకే అందరం స్టార్టరు ఆటోలో పెట్టుంటాం, కరెంటు రాంగానే మోటారు దానంతటదే తిరుగుతాది. అంత నాటకమాడిన నాకు స్టార్టరు ఆపల్లని మాత్రం తోచలేదు.

కరెంటు వచ్చింది.

గుడ్డల ముద్ద తుపాకీ గుండు మాదిరి లేసి సారు మొకానికి తగిలింది. ఎనకాలే నీళ్లు. సన్నగా పారే నా బోరు, లోపల బిగపట్టుకున్నదంతా ఒక్కసారే కక్కింది. సారు బురదలో కూలబడినాడు. ఫారం మీద 'నీళ్లు లేవు' అనే అక్షరాలు నీళ్లలోనే కారిపోతాండాయి.

"ఇప్పుడన్నా నమ్ముతారా సార్?" అన్నా, చేతులు కట్టుకోని.

సారు మొకం తుడుచుకున్నాడు. "ఒక్కటి చెప్పు. మొగుడు పోయినాడంటివే, అదన్నా నిజమేనా? ఏ కంప కింద నుంచైనా లేసొస్తాడా?"

"లేసేటోడైతే ఈ ఏడుపు పనికి ఆయన్నే పెట్టుందును సార్!"

సారు నవ్వినాడు. నవ్వినాడు గానీ, ఫారం తడిసిపాయ, లిస్టుకు గడువు దాటిపాయ. ఆ ఏడు చివరి ఎనిమిది సాళ్లు నా కండ్ల ముందరే మాడిపాయ. మరుసటేడు ఉన్న నిజం చెప్తే, పైపులొచ్చినాయి!

అప్పుడే మట్టి ముట్టి ఒట్టు పెట్టుకున్నా. జన్మలో ఇంకే ఆఫీసరు ముందరా తొందరపడి ఏడవను. ఆయన తెచ్చింది ఏ పథకమో, దానికి నీళ్లుండల్నో ఉండకూడదో ముందు కనుక్కొని, ఆ తర్వాతే ఏడస్తా.