మూడు ఊళ్ళ వెతుకులాట

మా వదిన లక్ష్మీదుర్గకు కంప్యూటరంటే భయం లేదు. ఆ భయం లేకపోవడమే ఆమె కొంప ముంచింది. తెనాలిలో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ షాపు నడుపుతోంది. పెళ్ళిపత్రికలు, గృహప్రవేశాలు, కర్మపత్రికలు, చిన్నాచితకా పుస్తకాలు అన్నీ ఆమె వేళ్ళ మీదుగా పోవలసిందే. నేను ఆమె ఆడపడుచును, పేరు మాణిక్యం, ఆ షాపులోనే ప్రూఫులు దిద్దుతాను. మా అన్నయ్య నరసింహారావుకు నందివెలుగులో వ్యవసాయం. ఆయన పొలంలో ఉంటే వదినా నేనూ ఒకరి తప్పులు ఒకరం పట్టుకుంటూ షాపులో కూర్చుంటాం. వదిన తప్పులు పట్టుకున్నందుకు జీతమిచ్చే ఉద్యోగం ఏ ఆడపడుచుకు దొరుకుతుంది చెప్పండి!

ఆ సోమవారం పొద్దున రేపల్లె నుంచి వాగ్దేవి ఫోను చేసింది.

"దుర్గక్కా, గురువారానికి పుస్తకం ప్రెస్సుకి పంపించేస్తావుగా? నాన్నగారు రోజుకి నాలుగుసార్లు సైగ చేసి అడుగుతున్నారు."

"పంపించేస్తానమ్మా. ఆఖరి ప్రూఫు చూస్తున్నాం," అంది వదిన.

ఫోను పెట్టేసి నా వంక చూసింది. ప్రూఫు లేదు. అసలు ఫైలే లేదు. శనివారం నుంచి వెతుకుతున్నాం, కనిపించలేదు.

వాగ్దేవి తండ్రి సుబ్బరామయ్య మాస్టారు. రేపల్లెలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. మాస్టారి తల్లి సీతామహాలక్ష్మిగారు పెళ్ళిళ్ళలో పాడే పాటలు, అప్పగింతలు, బంతులాటలు, అలక పాటలు నూట అరవై దాకా ఆయన నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకున్నారు. నాలుగేళ్ళపాటు ఒక్కొక్క పుస్తకమే తెచ్చి వదిన చేత కొట్టించారు. పదకొండు పుస్తకాలూ అయ్యాక, "ఇవింక ఏం చెయ్యమంటావమ్మా? చెదలు పడుతున్నాయి," అని అడిగారు.

"కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి మాస్టారూ, మీకేం భయం లేదు," అంది వదిన. ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. అక్షరమున్న కాయితం కాలికిందికి పోకూడదని నమ్మే మనిషి ఆయన. పసుపుబట్టలో కట్టి, పెనుమూడి రేవుకు తీసుకుపోయి, పదకొండు పుస్తకాలూ కృష్ణలో కలిపేశారు.

ఆ తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయిపోయింది. పుస్తకం పని ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఈలోగా మా షాపు పాత కంప్యూటరు చచ్చింది. రిపేరు షాపతను దాని డిస్కు ఊడదీసి, అందులోవన్నీ ఒక బయటి డిస్కులోకి ఎక్కించి, "అంతా వచ్చేసిందండి," అన్నాడు. పనిచేసి పెట్టిన వస్తువును పారెయ్యకూడదు కదా, పాత డిస్కును వదిన ఆయుధపూజ నాడు పసుపూ కుంకుమా పెట్టి దేవుడి అలమరలో ఉంచింది. ఇప్పుడు ఎనభై దాటిన మాస్టారికి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారు. ఆ రోజు తల్లి పాటలు ఆయన చేతిలో పెట్టాలని కూతురి ఆశ. ఆ పాటలు తెలిసిన పెద్దావిడ లేదు, రాసిన చెయ్యి లేవదు, రాసిన కాయితం లేదు. ఉంటే గింటే వదిన దగ్గరే ఉండాలి.

"ఏం పేరు పెట్టావో గుర్తు తెచ్చుకో వదినా," అన్నాను.

"గుర్తుంటే వెతకడమెందుకే తల్లీ!" అని కసిరింది.

ఏ పనైనా శ్రీకారంతో మొదలుపెట్టాలని ప్రతి ఫైలు పేరుకూ ముందు శ్రీ తగిలించే మహాతల్లి ఆమె. అరవై ఒక్క వేల ఫైళ్ళు, అన్నిటికీ శ్రీలే. విండోసులో వెతికే గడిలో పాటలు అని కొడితే ఉలుకూ పలుకూ లేదు. మా పాత ఫాంటులో తెర మీద కనిపించేది తెలుగే గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూను. యంత్రానికి అది తెలుగని తెలియదు. ఇంగ్లీషులో రేపల్లె అని కొడితే మూడువందల నలభై పెళ్ళిపత్రికలు వచ్చాయి. ఆ విండోసు వెతుకుడు తాలూకాఫీసు గుమాస్తా లాంటిది. తన రిజిస్టరులో రాసుకున్నదే చెబుతుంది, రాసుకోనిది లేదంటుంది. వదిన ఇంకో ఉచిత సాధనం తెచ్చి ఎక్కించింది. అది రిజిస్టర్లతో పని లేకుండా పేర్లన్నీ చిటికెలో తెర మీద పోసింది. అందులోనూ లేదు.

సాయంత్రానికి వదిన టిఫిన్ ముట్టలేదు. "మాణిక్యం, ఆ పుస్తకాలు నేనే కృష్ణలో కలిపించానే," అంది.

మంగళవారం బాపట్ల వెళ్ళాం. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పే భరద్వాజ సారు తన పీహెచ్‌డీ పుస్తకం వదిన చేతే కొట్టించుకున్నారు. ఆయన దగ్గర మ్యాకు అనే ఆపిల్ కంప్యూటరు ఉంది. అందులో వెతికే స్పాట్‌లైటు పాతాళంలో ఉన్నదాన్నైనా తీస్తుందని ఎవరో చెప్పారు. సారు మా బయటి డిస్కులోవి తన మిషనులోకి ఎక్కించి క్లాసుకు వెళ్ళిపోయారు. రెండు గంటలు స్టాఫురూములో ఒక బల్ల అంచున కూర్చున్నాం. వదిన వాచీ చూడటం, నేను వదినను చూడటం.

సారు వచ్చి ఒక్కొక్క అక్షరం కొడుతుంటే అది మాట పూర్తికాకముందే జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళివారింట్లో పెద్దమ్మ లాంటిది ఈ స్పాట్‌లైటు. అడిగినదానికీ చెబుతుంది, అడగనిదానికీ చెబుతుంది. పీడీఎఫుల కడుపుల్లోకి దూరింది, సారు ఉత్తరాలు చూపించింది, నిఘంటువులో అర్థం కూడా చెప్పింది. మాస్టారి పాటలు మాత్రం చూపించలేదు.

"రేపల్లెలో ఎబినేజర్ అని నా స్టూడెంటు ఉన్నాడండి. లైనక్సు అనే ఇంకో సిస్టం మీద పనిచేస్తాడు. వాడి చేత కూడా ఒకసారి చూపించండి," అన్నారు సారు.

రేపల్లె పేరు వినగానే వదిన పైప్రాణాలు పైనే పోయాయి. "ఆ ఊళ్ళోనా? వాగ్దేవి కంటపడితే?" అంది నాతో మెల్లగా.

అయినా బుధవారం పొద్దున్నే రేపల్లె రైలెక్కింది. జంపని స్టేషను దాటాక అడిగింది, "రేపు ఫైలివ్వకపోతే ఏం చేస్తారంటావ్?"

"వాళ్ళేం చేస్తారు? మంచివాళ్ళు, ఏమీ అనరు," అన్నాను.

"అదేనే నా భయం," అంది.

స్టేషనులో దిగగానే తలమీదికి కొంగు లాక్కుంది. తేలుకుట్టిన దొంగలా గోడల వారగా నడిచింది. నాకు నవ్వూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది.

ఎబినేజర్ నెట్ సెంటరు నడుపుతున్నాడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, బొమ్మా గిమ్మా ఏమీ లేవు. విషయమంతా విని, "పాటల్లో ఒక్క లైను గుర్తుందాండి?" అని అడిగాడు.

ప్రూఫులు దిద్దినదాన్ని, నాకెందుకు గుర్తుండదు? "చామంతి చెండు దాచవే వదినా, చక్కని బావ చూడకుండా" అన్నాను. వదిన ఆ లైనును పాత ఫాంటులో కొట్టింది. ఎబినేజర్ దాని లోపలుండే చుక్కలూ గీతలూ బయటికి తీసి, డిస్కంతా వాటికోసం వెతకమని మిషనుకు చెప్పాడు. ఈ పని ఆ విండోసుకూ తోచలేదు, మ్యాకుకూ తోచలేదు. ముందు పరీక్షకని ముహూర్తం అన్న మాట పెట్టి చూశాడు. పెళ్ళిపత్రికలు వరసగా వచ్చిపడ్డాయి. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు పాట వంతు. అరగంట నడిచింది. ఆఖరుకి ఒక చిన్న గీత వచ్చి మినుకుమంటూ నిలబడింది.

"ఏమంటోంది బాబూ?" అంది వదిన.

"ఏం అనదండి. లేకపోతే ఏమీ అనదు," అన్నాడు అతను. "ఈ డిస్కులో లేదండి. ఉంటే ఇది చెప్పేసేది," అన్నాడు.

బయటికి వచ్చాక వదిన రోడ్డు పక్కన ఒక మందులషాపు అరుగు మీద కూలబడింది. సరిగ్గా ఆ షాపులోనుంచే మందుల సంచితో వాగ్దేవి దిగింది.

"అక్కా! ఏంటి ఇక్కడున్నారు? చెప్పనే లేదే! ప్రూఫు తెచ్చారా? రండి రండి, నాన్నగారు ఎంత సంతోషిస్తారో," అంటూ చెయ్యి పట్టుకుని లేవదీసింది. మింగలేం, కక్కలేం. వెనకాలే నడిచాం.

మాస్టారు వాలుకుర్చీలో ఉన్నారు. వదినను చూసి ఎడమచేత్తో దణ్ణం పెట్టబోయారు. ఆ దణ్ణంతో వదిన పని అయిపోయింది. నిలబడే చెప్పేసింది. "మాస్టారూ, పాటలు పోయాయండి. మూడు ఊళ్ళు వెతికాను. ఎక్కడా లేవండి. మీ పుస్తకాలు నా మాట విని కలిపేశారు. నన్ను ఏమన్నా అనండి."

వాగ్దేవి ముఖం మాడిపోయింది. "ఆఖరి ప్రూఫు చూస్తున్నానన్నావే అక్కా! మొన్నటి నుంచి నాతో అబద్ధమా?" అంది. ఆమె కోపం న్యాయమే. మంచినీళ్ళైనా ఇవ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి ఎడమచేతి వేలితో గోడ అలమర వైపు చూపించారు. అక్కడ భారతం సంపుటాల పక్కన ఒక సన్నటి పుస్తకం ఉంది. నేను తీశాను. పన్నెండు పేజీలు. అట్ట మీద సీతామహాలక్ష్మిగారి ఫోటో, కింద జననం, మరణం. ఆమె పోయిన పన్నెండోనాడు బంధువులకు పంచిన పుస్తకం అది. లోపల ఆమె పాటలు తొమ్మిది. వెనకట్ట మీద మా షాపు పేరు.

కనీసం ఈ తొమ్మిదైనా ఉన్నాయని చెప్పడానికి చూపించారేమో ఆయన. వదిన మాత్రం దాన్ని పట్టుకుని కొయ్యబారిపోయింది.

"మాణిక్యం... మొదలు ఇదేనే. దీన్నే తెరిచి, దీనికిందే కొడుతూ పోయాను," అంది.

నాకు అప్పుడు వెలిగింది. ఏళ్ళ కిందట మా షాపులో ఒక గొడవ జరిగింది. నందివెలుగు నుంచి పెళ్ళివారు పత్రిక వేయించుకోవడానికొచ్చారు. వాళ్ళ పాత పత్రిక ఉందేమోనని వదిన ఇంటిపేరు కొట్టింది. వాళ్ళ తాతగారి కర్మపత్రిక దండ వేసిన ఫోటోతో సహా తెరమీదికొచ్చింది. శుభమా అని వస్తే ఇదేం అపశకునమని వాళ్ళు లేచిపోయారు. ఆ రోజు నుంచి వదిన చావు పనులన్నీ ఒక ఫోల్డరులో పెట్టి, అది ఎవరికీ కనిపించకుండా, ఏ వెతుకుడుకూ తగలకుండా దాచేసింది. పన్నెండోనాటి పుస్తకం కాబట్టి అదీ ఆ ఫోల్డరులోకే పోయింది. దాని కడుపులోనే నూట అరవై పెళ్ళిపాటలూ పెరిగాయి. రిపేరతను కనిపించినవన్నీ ఎక్కించాడు, కనిపించనిది పాత డిస్కులోనే వదిలేశాడు. కొత్త కంప్యూటరు వచ్చాక మేమూ ఆ ఫోల్డరు సంగతి మరిచిపోయాం. మేము పాటలు లేని డిస్కును చంకన పెట్టుకుని ఊళ్ళు తిరిగాం. పెళ్ళిపాటల్ని చావుల్లో వెతకాలని ఎవరికి తడుతుంది?

వదిన అన్నయ్యకు ఫోను చేసింది. "దేవుడి అలమరలో డిస్కుంది, పసుపు రాసింది. పట్టుకుని రిపేరు షాపుకెళ్ళండి. ఏంటీ అని అడగొద్దు, పరిగెత్తండి!"

నలభై నిమిషాలకు ఫోను మోగింది, వదిన స్పీకరులో పెట్టింది. "డిస్కు పెడితే టకటకమంటోందంట. తిరగడం లేదంట," అన్నాడు అన్నయ్య. వదిన నేలమీద కూర్చుండిపోయింది. నేను ఏ దేవుడికి మొక్కుకున్నానో కూడా గుర్తులేదు. లోపలినుంచి వాగ్దేవి వచ్చి గుమ్మంలో నిలబడింది.

మళ్ళీ అన్నయ్య గొంతు. "పసుపు తుడిచి, తీగ మార్చి పెట్టాడు. తిరుగుతోంది. ఏం నొక్కమంటావ్?"

"దాచినవి చూపించమని టిక్కు పెట్టమనండి."

"ఆఁ... ఒక ఫోల్డరొచ్చింది. శ్రీ కర్మ అని."

చావుకూ శ్రీకారం పెట్టింది మా వదిన. ఎవరమూ నవ్వలేదు.

"అందులో మాస్టారి అమ్మగారి పేరు చూడమనండి."

"ఉంది. తెరిచాడు. రెండువందల పద్నాలుగు పేజీలంట. మొదటి పేజీలో ఏదో చామంతి చెండు అని ఉందే."

వదిన ఫోను ఒళ్ళో పడేసుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. వాగ్దేవి వచ్చి పక్కన కూర్చుని, ఆమె వీపు మీద చెయ్యి వేసింది. నా కళ్ళు కూడా ఆగలేదు.

మాస్టారు ఎడమచేత్తో వదినను దగ్గరికి పిలిచారు. ఒక్కొక్క మాటా కూడదీసుకుని, ముద్దముద్దగా, మాకందరికీ అర్థమయ్యేలా అన్నారు.

"ఈసారి... కాయితాలు... కృష్ణలో... కలపనులే అమ్మా."