ఆయుధ పూజ నాడు తుడిచేసిన కంప్యూటర్

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గట్టి నమ్మకం ఉండేది: ఒకటి దసరా ముహూర్తం, రెండోది ఓపెన్ సోర్స్. చదువు ముగించి, రాయచూరు బయట ఒక పత్తి మిల్లులో వేబ్రిడ్జి దగ్గర ఉద్యోగంలో చేరిన కొత్త. పత్తి ట్రాక్టర్ ఆ తూకం పలక మీదికి ఎక్కితే కంప్యూటర్‌లో బరువు చూసి చీటీ తీసివ్వడం నా పని. ఆ కంప్యూటర్ నేను చేరేనాటికే ముసలిది. పొద్దున మీట నొక్కితే, నేను టీ తాగి వచ్చేసరికి కళ్లు తెరిచేది. నా పెన్‌డ్రైవ్‌లోనేమో అప్పుడే విడుదలైన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరైనా బాగు చేయొచ్చు, పాత యంత్రాన్ని కూడా పరుగెత్తిస్తుందట. లోకం మారబోతోందనీ, ఆ మార్పు మా మిల్లు నుంచే మొదలవుతుందనీ నిజంగానే నమ్మాను. (నవ్వకండి. ఆ వయసులో మీరూ ఏదో ఒకటి నమ్మే ఉంటారు.)

మహర్నవమి నాడు మిల్లులో ఆయుధ పూజ. యంత్రాలతో పాటు కంప్యూటర్‌కూ విభూతి పట్టెలు, కుంకుమ బొట్టు, నెత్తిన నిమ్మకాయ. పూజ చేసిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టుకోకూడదని మావైపు నియమం. అందరూ ప్రసాదం తిని వెళ్లిపోయాక నాకో తర్కం తోచింది. చేయకూడనిది పని కదా, కొత్త సిస్టమ్ ఎక్కించడం పనెలా అవుతుంది? అదీ ఒకరకం పూజే! "డిస్క్ మొత్తం తుడిచేయమంటారా?" అని అది మర్యాదగా అడిగింది. కీబోర్డుకు దండం పెట్టి, అవునని నొక్కాను. టీ సంగతి దేవుడెరుగు, రెప్పపాటులో కళ్లు తెరిచింది! నిమ్మకాయను మళ్లీ దాని నెత్తిన పెట్టి, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను. తూకం సాఫ్ట్‌వేర్ కూడా ఆ డిస్క్‌లోనే ఉండేదని, దానికింకో కాపీ లేదని నాకు గుర్తొచ్చింది మర్నాడు పొద్దున, మొదటి ట్రాక్టర్ పలక మీదికి ఎక్కిన తర్వాత.

ఆ ట్రాక్టర్‌లో ఉన్నది మా చిన్నాయన పత్తి. తెలంగాణ సరిహద్దు దగ్గర ఆయనకున్న కాస్త చేను ఆ ఏడాది ఇచ్చిందంతా అదే. దసరా నాడు మొదటి తూకం తనదే కావాలని, లోపల నేనున్నానన్న ధీమాతో టార్పాలిన్ కూడా లేకుండా వచ్చాడు. కృష్ణా నది వైపు నుంచి నల్లటి మబ్బు కదిలివస్తోంది. తడిసిన పత్తిని అడిగే నాథుడుండడు. పలక పక్కనున్న చిన్న పెట్టెలో బరువు ఎర్రంకెల్లో వెలుగుతోంది గానీ, నా స్క్రీన్ మీద మాత్రం ఏమీ లేదు.

"ఏందిరా, మొన్న దాంక మంచిగనే నడిచె గదా? ఏమైంది దీనికి?" అన్నాడు చిన్నాయన.

"కొత్తది ఎక్కించిన, చిన్నాయనా."

"ఎవరు ఎక్కియ్యమన్నరు?"

నేను సొరుగు లాగి పాత చేతిచీటీల పుస్తకం తీశాను.

చేత్తో చీటీ రాసిస్తానంటే వెనక ట్రాక్టర్ల మీది రైతులు ఒక్కసారిగా లేచారు. "చేతిచీటీ ఒద్దంటే ఒద్దు! పోయినేడు గా చీటీలకాడనే కొట్లాటైంది!" మిల్లు సావుకారు కూడా దిగివచ్చాడు. "నలుగుర్ల మాటిచ్చిన. మిషిన్ చీటీ లేనిది బండి లోపటికి పోదు," అని కుర్చీ వేసుకుని నా వెనకే కూర్చున్నాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది.

ఆ సిస్టమ్ వాడేవాళ్లంతా కలిసే ఫోరం ఒకటి ఉండేది. ఫోన్‌లో అక్కడ నా గోడు వెళ్లబోసుకున్నాను. పేరు తెలియదు, ఊరు తెలియదు, తన ఫొటో బదులు పిల్లి బొమ్మ పెట్టుకున్న ఒక మనిషి జవాబిచ్చాడు: "ఏ పోర్టు?" తూకం పెట్టె నుంచి వచ్చే తీగ ఎక్కడ గుచ్చి ఉందో చెప్పాను. బయట ఉరిమింది. చిన్నాయన తలగుడ్డ విప్పి పత్తి మీద పరిచాడు. అంత కుప్పకు ఆ ఒక్క గుడ్డ ఏ మూలకని! అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంతలో పిల్లి బొమ్మ మనిషి నాలుగు వరుసల ప్రోగ్రాం రాసి పంపాడు. ఎక్కించాను. తెర మీద ఒక్క మాట పడింది: అనుమతి లేదు.

"ఏమంటది?" అన్నాడు చిన్నాయన.

"అనుమతి లేదంటుంది."

"సావుకారు ఈడనే ఉండె గదరా, అడుగు!"

"ఇచ్చిన పో!" అని వెనకనుంచి సావుకారు అరిచాడు. "నాది గాదా మిల్లు? జల్ది కానీ!"

అది సావుకారి మాట వినలేదు. పిల్లి బొమ్మ మనిషి చెప్పిన ఇంకో మాట, కంప్యూటర్‌కు యజమాని ఆజ్ఞ లాంటిది, ఆ వరుసల ముందు చేర్చి నొక్కాను. తెర మీద అంకెలు! పెట్టెలో ఉన్న ఎర్రంకెలే! రైతులు కిటికీలోంచి తొంగి రెంటినీ సరిపోల్చుకున్నారు. ప్రింటర్ గొంతు సవరించుకుని చీటీ కక్కింది. ట్రాక్టర్ రేకుల షెడ్డులోకి దూరడం, వాన దబదబా పడడం ఒక్కసారే జరిగాయి. చిన్నాయన తడిసి ముద్దయ్యాడు, పత్తి తడవలేదు. సావుకారు లేచి, "రేపట్నించి రాకు," అన్నాడు.

సాయంత్రం బన్ని ఆకులు (మన జమ్మి) పట్టుకుని సావుకారు ఇంటికి పోయాను. దసరా నాడు పగవాడు ఇచ్చినా బన్ని కాదనకూడదు. నా ధైర్యమంతా అదే. "బన్ని తగొండు బంగారదంగ ఇరోణ," అని చేతిలో పెట్టాను. బన్ని తీసుకుని బంగారంలా ఉందామని ఆ కన్నడ మాటకు అర్థం. ఆయన ఆకులు కళ్లకద్దుకున్నాడు. "రేపు రా. మళ్ల పూజ చేసినదాన్ని ముట్టినవంటే చేతులిరగ్గొడ్త."

ఆ సంతోషంలో పిల్లి బొమ్మ మనిషికీ బన్ని ఇవ్వాలనిపించి, ఫోరంలో వివరమేమీ లేకుండా అదే కన్నడ మాట రాశాను. "ఈ ఎర్రర్ నేనెప్పుడూ చూడలేదు. స్క్రీన్‌షాట్ పంపగలరా?" అని జవాబొచ్చింది.

ఆ తర్వాత ఎన్నో కొత్త సిస్టమ్‌లు వచ్చాయి, లోకం నేననుకున్నట్టు మారలేదు. ఎవరైనా ఆ ఫోరంలో గోడు వెళ్లబోసుకుంటే, ఇప్పుడు "ఏ పోర్టు?" అని అడిగేది నేనే. పిల్లి బొమ్మ కనిపించక చాలా కాలమైంది. అయినా ప్రతి దసరాకు అక్కడ బన్ని పెడతాను. ఎవరో ఒక కొత్త పిల్లవాడు స్క్రీన్‌షాట్ అడుగుతాడు, నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకుంటాను.