మిరియానికి అన్నం పెట్టిన రోజు

పోయిన నెల మిల్టన్‌లో మా చెల్లెలి మనవరాలి పుట్టినరోజని అందరం కలిసి ఒక రెస్టారెంటుకు వెళితే, పిల్లలు ముచ్చటపడి తెప్పించుకున్న ఫ్రైస్ బల్ల మీదకు వచ్చీ రాగానే గుప్పుమని ఒక వాసన కొట్టింది. "ట్రఫుల్ ఫ్రైస్, అమ్మమ్మా! ట్రై వన్!" అని ఆ పిల్ల ఒకటి నా చేతిలో పెట్టింది. నోట్లో వేసుకున్నాను, ఇది ట్రఫుల్ కాదు, సీసాలో వచ్చే నూనె అని తేల్చేశాను. "హౌ డూ యూ నో?" అని కళ్లు పెద్దవి చేసుకుని అడిగింది. ఎలా తెలుసంటే ఏం చెప్పను? ట్రఫుల్ అంటే చెట్టు వేళ్లను అంటిపెట్టుకుని భూమి లోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు. పైకి మొలక గానీ ఆకు గానీ ఏమీ కనపడదు, వాసన పట్టి తవ్వుకోవలసిందే. మా ఈడు తెలుగు ఆడవాళ్లలో దాన్ని మట్టిలోంచి తీస్తుండగా కళ్లారా చూసినవాళ్లు ఎందరుంటారో గానీ నేను మాత్రం చూశాను, ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి నాకు మొహమాటం ఏమీ లేదు.

మాది నరసాపురం వైపు. మా ఆయనకు కెనడాలో సార్నియా అనే ఊళ్లో ఒక కెమికల్ ప్లాంటులో ఉద్యోగం కావడంతో ఆ ఊళ్లో చాలా ఏళ్లు ఉన్నాం. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయేదాకా నేను ఇల్లూ, వంటా, ఆదివారం ఆరాధనా తప్ప ఇంకో లోకం ఎరగను. పది కుటుంబాలు ఒక చర్చి బేస్‌మెంటులో కూడుకుని తెలుగులో పాటలు పాడుకునేవాళ్లం. అలాంటిది ఉన్నట్టుండి కాలేజీకి మన పిల్లలు తండోపతండాలుగా రావడం మొదలుపెట్టారు. ఆ ఊళ్లో బస్సులు అంతంత మాత్రమే. మంచులో చేతినిండా సరుకుల సంచులతో నడిచిపోతున్న పిల్లల్ని చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. కారు ఆపి ఎక్కించుకునేదాన్ని, ఎక్కించుకున్నవాళ్లను ఆదివారం భోజనానికి రమ్మనేదాన్ని. ఎవరు ఏ మతమని అడిగింది లేదు, పప్పుచారుకు మతం ఏమిటి? చిన్న గిన్నెల్లో వండుకునే మేము ఆ ఏడాది పెద్ద డేక్షాలు కొన్నాం.

అలా వచ్చినవాళ్లలో ఒక అమ్మాయి జగిత్యాల వైపు నుంచి వచ్చింది. సన్నగా, గట్టిగా ఉండేది, తిన్న కంచం తానే కడిగిపెట్టేది. కోర్సు అయిపోయింది గానీ ఒక కాఫీ షాపులో వారానికి ఏవో కొన్ని గంటల పని తప్ప ఇంకేమీ దొరకలేదు. వర్క్ పర్మిట్ ఇంకొక్క ఏడాదే ఉంది. ఆలోగా ఒక బాధ్యత గల ఫుల్‌టైమ్ జాబ్ చూపించుకుంటే పీఆర్‌కు, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేసుకోవచ్చు, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ రోజుల్లో సార్నియాలో ఏ ఇద్దరు పిల్లలు కలిసినా మాట్లాడుకునేది ఇదే.

అదే చర్చిలో పొద్దున ఇంగ్లీషు ఆరాధనకు వచ్చే ఒక ముసలి దంపతులకు ఊరికి గంట దూరంలో పొలం ఉండేది. ఒకప్పుడు మొక్కజొన్న వేసిన నేలలో హేజెల్ చెట్లూ ఓక్ చెట్లూ నాటి, వాటి వేళ్ల దగ్గర ట్రఫుల్ పెంచేవారు. శని ఆదివారాల్లో టొరంటో నుంచీ కిచెనర్ నుంచీ జనం వచ్చి, కుక్కతో ట్రఫుల్ వేట చూసి, తర్వాత పాత కొట్టంలో వేసిన పొడవాటి బల్ల దగ్గర భోంచేసి వెళ్లేవారు. ఆవిడకు మోకాళ్లు సహకరించడం లేదు. ఒకసారి మా బేస్‌మెంటులో మిగిలిన కోడికూర రుచి చూసి, శనివారాలు తన వంటింట్లో సాయం చేస్తావా అని నన్ను అడిగింది. యాభై దాటాక నాకు వచ్చిన మొట్టమొదటి ఉద్యోగం అది! మా ఆయన నవ్వారు, నేను మాత్రం కొత్త ఏప్రన్ కొనుక్కున్నాను. తోడుగా ఆ అమ్మాయిని కారులో తీసుకెళ్లేదాన్ని. నేను వంటింట్లో ఉంటే తను చెట్ల మధ్య కలుపు తీస్తూ, కుక్క వెంట తిరుగుతూ, ఆ పెద్దాయన దగ్గర పని నేర్చుకునేది. కుక్క పేరు పెప్పర్, నేను మిరియం అని పిలిచేదాన్ని. ఉంగరాల జుట్టూ, దీనమైన కళ్లూ ఉన్న ఆ కుక్క నా గొంతు వింటే చాలు తోక ఊపుకుంటూ వచ్చేది.

పెద్దాయన మాటలు తక్కువ మనిషి. ఎండాకాలం అంతా ఆ అమ్మాయి పని చూసి, అక్టోబరులో ఒక శనివారం టూరు మొత్తం ఆమెనే నడపమన్నాడు. తాను దూరంగా నిలబడి చూస్తాడట, నచ్చితే గైడుగా ఫుల్‌టైమ్ ఆఫర్ లెటర్ ఇస్తాడట. వారమంతా ఆ పిల్లకు ముద్ద దిగలేదు. శనివారం కారులో నాకు అప్పజెప్పిన మాట ఒక్కటే. "ఆంటీ, వేట అయ్యేదాంక మిరియానికి ఏం పెట్టొద్దు. ఆకలుంటేనే అది వాసన పట్టి దేవులాడుతది" అంది. పెట్టనులే అన్నాను.

పెట్టాను. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మా అమ్మ తాను తినబోయే ముందు గుమ్మంలో కుక్కకో కాకికో ఒక ముద్ద వేసేది, వేయకుండా కంచం ముందు కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. నాకూ అదే అలవాటు. ఆ పొద్దున చలిలో ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తెరిచి కూర్చునేసరికి మిరియం వంటింటి గుమ్మంలోకి వచ్చి, నా చేతి వంకే చూస్తూ చొంగ కార్చుకుంటూ నిలబడింది. ఒక్క ముద్దే కదా అని పెరుగన్నం పెట్టాను. గుటుక్కున మింగి ఇంకో ముద్ద అన్నట్టు చూసింది. సూపు కోసం ఉప్పు కూడా వేయకుండా ఉడికించిన కోడి ముక్కలు పొయ్యి మీద ఉన్నాయి. మిగిలిన అన్నంలో అవి నాలుగు చిదిమి కలిపి పెట్టాను. అది గిన్నె నాకి, నా పాదాల దగ్గర తృప్తిగా పడుకుంటే, ఏదో పుణ్యం చేసినట్టు దాని తల నిమిరాను కూడా.

పన్నెండు మంది అతిథులు వచ్చారు. వంటింటి కిటికీలోంచి చెట్ల వరసలు బాగా కనపడతాయి. ఆ అమ్మాయి మెడలో ఎర్ర స్కార్ఫు కట్టుకుని, గొంతు వణక్కుండా అందరికీ నమస్కారం చెప్పి, ట్రఫుల్ కథ మొదలుపెట్టింది. పెద్దాయన వరస చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుక్కను వదిలారు. అది రెండు చెట్లు వాసన చూసి, మూడో చెట్టు కింద ఎండ పడిన చోటు చూసుకుని, కాళ్లు చాపి పడుకుంది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి లేపి, జేబులోంచి దానికి ఇష్టమైన బిస్కట్టు తీసి చూపింది. అది మొహం పక్కకు తిప్పుకుంది. రెండోసారి ఎవరూ నవ్వలేదు. ఒకాయన వాచీ చూసుకున్నాడు.

చేతిలో గరిటెతోనే పరుగెత్తాను. నన్ను చూడగానే ఆ పిల్లకు అర్థమైపోయింది.

"ఆంటీ, దానికేమన్న పెట్టిన్రా?"

"కొంచెమేనమ్మా…"

"కొంచెమంటే ఎంత ఆంటీ?"

గరిటె వెనక దాచుకున్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. నా మీద అరిచినా బాగుండేది. కళ్లు తెరిచి అతిథుల వైపు తిరిగి, ఇవాళ మా కుక్క సెలవు పెట్టింది, మనమే కుక్కలం అవుదాం రండి అని ఇంగ్లీషులో అంది. తమ ఊళ్లో తొలకరి పడ్డాక తన నాయనమ్మ తనను వెంటేసుకుని పుట్టగొడుగుల కోసం తిరిగేది, ఆమెకు కుక్క లేదు, కళ్లూ ముక్కూ ఉన్నాయి అని చెప్పింది. ట్రఫుల్ ఉన్న చెట్టు చుట్టూ గడ్డి మాడిపోయి గుండ్రంగా నేల కనపడుతుంది, అక్కడక్కడ మట్టి సన్నగా పగులుతుంది, చిన్న చిన్న ఈగలు నేలకు ఆనుకుని తిరుగుతాయి. ఇవన్నీ ఎండాకాలమంతా కలుపు తీస్తూ తను కళ్లతో నేర్చుకున్నవి. అవి ఒక్కొక్కటే చూపించి, తానే ముందు మోకాళ్ల మీద కూర్చుని, మొహం నేలకు ఆనించి మట్టి వాసన చూసింది. ఆమెను చూసి ఒక నడివయసు ఆవిడ ఖరీదైన బూట్లతోనే పక్కన కూలబడింది. కాసేపటికి పన్నెండు మందీ నేల మీదే ఉన్నారు. నేను కూడా కూర్చున్నాను, సిగ్గుతో నిలబడలేక.

ఒక చెట్టు కింద తవ్వారు, లేదు. ఇంకో చెట్టు, లేదు. అరగంట గడిచింది. పెద్దాయన కదల్లేదు, కల్పించుకోనూ లేదు. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నాను, ప్రభువా, నా బుద్ధిలేనితనానికి ఈ పిల్లను శిక్షించకు అని. ఎన్నో చెట్టు దగ్గరో ఆ అమ్మాయి మట్టి గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి ఆగిపోయింది. పక్కన ఉన్న ఆవిడకు చూపించింది. ఆవిడ "ఓహ్!" అంది. ఆ పిల్ల చేత్తోనే, పసిపిల్లకు తల దువ్వినంత నెమ్మదిగా, మట్టి పక్కకు జరిపింది. నిమ్మకాయంత నల్లటి ఉండ బయటపడింది. ఒక్కటే. కానీ ఆ పన్నెండు మందీ పెట్టిన కేకలకు మిరియం కూడా లేచి కూర్చుంది. చేతులు మారుతూ నా చేతికీ వచ్చింది. తడిమట్టీ, మగ్గిన ఆకులూ, వెల్లుల్లీ కలిసినట్టున్న ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే, అందుకే సీసా నూనెను చూసి మోసపోను.

భోజనాల బల్ల దగ్గర సూపూ, కోడీ, వెన్నలో కలిపిన నూడుల్సూ పెట్టాం. ఆ ఒక్క ట్రఫుల్‌నే పొరలు పొరలుగా గీకి అందరికీ పంచింది ఆ అమ్మాయి. ముసలావిడ ప్రార్థన ముగించి ఆమెన్ అంది. అప్పుడు చూశాను పెద్దాయన మొహం, ముడుచుకుని ఉంది. కుక్క ఎందుకు అలా చేసిందని ఆయన అంతకుముందే ఆ పిల్లను అడిగాడట, కుక్క బాధ్యత ఈ పూట నాది, నాదే తప్పు అని ఆమె చెప్పిందట. ముసలావిడ నా చెవిలో ఈ మాట వేయగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. మా సంఘంలో ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం అందరికీ అలవాటే. నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, అయితే అన్నీ తెలుగులోనే. ఇంగ్లీషులో నలుగురి ముందు నోరు విప్పింది లేదు. ఆ రోజు లేచాను. "సర్, డాగ్ నాట్ హంగ్రీ. ఐ గివ్ రైస్. ఐ గివ్ చికెన్. షీ టోల్డ్ మీ నో. ఐ గివ్. మిస్టేక్ మైన్, నాట్ హర్స్" అని, ఏప్రన్ అంచు పట్టుకుని ఏడ్చేశాను. బల్లంతా ఘొల్లుమని నవ్వి చప్పట్లు కొట్టింది. పెద్దాయన నవ్వలేదు. లేచి వచ్చి తన కుర్చీ నాకు జరిపి, కూర్చుని తినమన్నాడు. తర్వాత ఆ అమ్మాయితో, కుక్క పరుగెత్తితే నువ్వు ఎలా ఉంటావో నాకు ముందే తెలుసు, పరుగెత్తకపోతే ఎలా ఉంటావో ఇవాళ తెలిసింది అన్నాడు. సోమవారం లెటర్ ఇచ్చాడు. మరుసటి శనివారానికి వంటింటి గుమ్మానికి ఒక చిన్న గేటు కూడా బిగించాడు, అది నా కోసమో మిరియం కోసమో నేను అడగలేదు.

ఆ అమ్మాయి అక్కడ మూడేళ్లు చేసింది. పీఆర్ వచ్చిన రోజు అర్ధ కేజీ మైసూర్‌పాక్ పట్టుకుని మా ఇంటికి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు కిచెనర్‌లో ఒక కంపెనీలో మేనేజరు, చేతికింద బోలెడుమంది. నా కడుపున పుట్టకపోయినా ఆ పిల్ల సంగతి నేను చెప్పుకున్నంత గర్వంగా నా పిల్లల సంగతి కూడా చెప్పుకోను, వాళ్లకది తెలుసు. ఆ ముసలి దంపతులు పొలం అమ్మేశారు. మిరియం వయసు మీరి పోయింది. కాలేజీకి పిల్లలు రావడం తగ్గింది, మా డేక్షాలు అటక మీదే ఉంటున్నాయి.

మొన్న మా సంఘానికి వచ్చే ఒక నెల్లూరు అమ్మాయి, కోర్సు అయిపోయి ఉద్యోగం దొరక్క నలిగిపోతుంటే, కిచెనర్‌కు ఫోన్ చేసి, నీ కంపెనీలోనే అప్లై చేసిందట, కాస్త చూడమ్మా అన్నాను. "వందల్ల వస్తయి ఆంటీ. కంప్యూటర్ సిస్టమే తీసేస్తది, మా దాంక వచ్చేటివి పదో పదిహేనో. నేనేం చెయ్య?" అంది. తప్పు పట్టలేదు, పనులు ఇప్పుడు అలాగే జరుగుతున్నాయట. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక్కటే అనిపించింది. ఆ అక్టోబరు వేటను కూడా ఏదైనా సిస్టమ్‌కు అప్పజెప్పి ఉంటే, కుక్క కదల్లేదు, దొరికింది ఒక్కటి అని చూసుకుని ఈ పిల్లను పక్కన పెట్టేసేది కదా!

మూడో రోజు తనే ఫోన్ చేసింది. "ఆంటీ, నిద్ర పడ్తలేదు. ఆ పిల్లను శనివారం రమ్మనుండ్రి, నేనే కూసొని మాట్లాడ్త" అంది. నా పెంపకం ఊరికే పోలేదని ఛాతీ విరుచుకుని మా ఆయనకు చెప్పాను. చెప్పాక మనసు మళ్లీ చివుక్కుమంది. ఈ నెల్లూరు పిల్లకు నేనున్నాను, నాకు ఆ కిచెనర్ పిల్ల ఉంది. ఫోన్ చేయడానికి ఎవరూ లేని ఆ మిగతా వందల మందిని, ఆ పెద్దాయనలా చేతులు కట్టుకుని కాసేపు నిలబడి ఎవరు చూస్తారు?