ఓకే కొట్టిన కాలువ

మా వదిన ముప్ఫై ఆరేళ్ల వయసులో యూనివర్సిటీలో చేరింది. ఎప్పుడో పెళ్లికి ముందు డిగ్రీ చేసి, తర్వాత ఇంట్లో మిషను మీద బట్టలు కుట్టుకుంటున్న మనిషి, ఒకరోజు ఉన్నట్టుండి "మ్యాపులు తయారుచేసే కోర్సుకి అప్లై చేశాను, సీటొచ్చింది" అంది. జీఐఎస్ అంటారట. అన్నయ్య పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "డిగ్రీ ఇప్పటికీ పూర్తిచెయ్యనివాడివి, నువ్వా నవ్వేది?" అన్నాను. దాంతో మా ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి.

వదిన మెతక మనిషి. ఎవరేమన్నా తల వంచుకుని పని చూసుకునే రకం. ఆవిడ పడాల్సిన కోపాలన్నీ నేనే పడుతుంటాను.

సాయంత్రం వచ్చి, ఆ రోజు చెప్పిన పాఠం నాకు చెప్పేది. ఇళ్లు ఒక పొర, రోడ్లు ఒక పొర, కాలువలు ఒక పొర. పారదర్శకంగా ఉండే కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పరిస్తే ఊరు కనిపిస్తుంది. అయితే అన్ని పొరల కొలతలూ ఒకే చోట మొదలవ్వాలి. లేకపోతే ఇల్లు రోడ్డు మీదకొచ్చి కూర్చుంటుంది. ఇంత చక్కగా చెప్పే మనిషికి ఆ ల్యాబులో ఇద్దరికి కలిపి ఒక కుర్చీ ఇచ్చారు. ఏసీ మాత్రం ఉంది, కంప్యూటర్లకి ఉక్కపోయకుండా.

ఆ ల్యాబులో సందేహాలు తీర్చడానికి ఒక అసిస్టెంటు ఉన్నాడు. ఏ ప్రశ్న అడిగినా "ఓకే కొట్టెయ్యండి" అంటాడు కాబట్టి పిల్లలు అతనికి ఓకేబాబు అని పేరు పెట్టుకున్నారు.

మొదటి సెమిస్టరు చివర ప్రొఫెసరు గారు ఊరిని ముక్కలు చేసి తలా ఒకటి పంచారు. శాటిలైట్ ఫోటో చూసి ఇళ్ల కప్పులు గీయాలి, దాని మీద మునిసిపల్ ఆఫీసు ఇచ్చిన పాత కాలువల పొర పరచాలి. కాలువకి ఇవతలి వీధి వదినకొచ్చింది. అవతలి వీధి ఆవిడతో కుర్చీ పంచుకునే అమ్మాయికొచ్చింది. పొర పరచగానే తెరమీద హెచ్చరిక వచ్చింది, ఈ రెండింటి కొలతలూ వేరు అని. వదిన అడిగింది. "రెండు కొలతలకీ ఒకే పేరు పెట్టేసి ఓకే కొట్టండి మేడమ్, అది పోతుంది" అన్నాడు ఓకేబాబు. కొట్టింది. పోయింది. ల్యాబులో అందరూ కొట్టారు, అందరికీ పోయింది. వదినకి మంచి మార్కులొచ్చాయి. రంగుల ప్రింటు ఎదురింటివాళ్లకి చూపించి వచ్చినవాడు ఎవరనుకున్నారు? మా అన్నయ్యే.

నెల తిరక్కుండానే వదినవాళ్లమ్మ ఫోను చేసింది. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి, ఆవిడ ఇంటిగోడ మీద ఎర్రరంగుతో గుర్తు వేసి వెళ్లారట. అది కాలువ స్థలమట, ఖాళీ చెయ్యాలట. వీధి మొత్తం అదే గుర్తు. అత్తయ్య ఉండేది కాలువకి అవతలి వీధిలో.

ఇద్దరం పరుగెత్తాం. కాలువ ఎక్కడికి పోతుంది? ఇళ్ల వెనకాల, రోడ్డు దాటాక, ఎప్పుడూ ఉన్నచోటే కంపు కొడుతోంది. కళ్లు లేనివాళ్లయినా ముక్కుతో కనిపెట్టగలరు. ఏ ఆధారంతో రంగు వేశారయ్యా అని అడిగితే, వీధి చివర రంగు డబ్బాలు సర్దుకుంటున్న మునిసిపల్ పనివాళ్లు ఒక ప్రింటు చూపించారు. దాని మూల యూనివర్సిటీ ముద్ర ఉంది. పిల్లలు నేర్చుకోవడానికి గీసిన ముక్కలన్నీ అతికించి, మునిసిపల్ ఆఫీసుకి అసలు మ్యాపని అప్పజెప్పారు పెద్దమనుషులు. నేర్చుకునే చేతుల పని, అదీ ఉచితంగా, అదీ అడక్కుండా!

ఆ ప్రింటు చూస్తూ వదిన అక్కడే చతికిలబడింది. "మొదట్లో రెండంగుళాలు తెగిపోయిన టేపుతో కొలిచి, మంచి టేపుతో కొలిచామని రాసుకున్నాం. పేరు మార్చాం గానీ కొలత మార్చలేదు" అంది.

ప్రొఫెసరు గారి దగ్గరికెళ్లి ఇదే చెప్పింది. ఆయన ఫోను నుంచి తల ఎత్తలేదు.

"మీకు మార్కులొచ్చాయి కదమ్మా?"

"మార్కులు తీసేసుకోండి సార్. గోడలు వదిలేయండి."

"పంపించేశాం. ఇంక మా చేతుల్లో లేదు."

అక్కణ్ణుంచి మునిసిపల్ ఆఫీసుకి వెళ్లాం, అత్తయ్యని కూడా తీసుకుని. ఇంజినీరు అంతా విని, ఇంతేనా అన్నట్టు తెర మా వైపు తిప్పాడు. మౌసుతో కాలువని పట్టుకుని పక్కకి లాగాడు. నీలంగీత అత్తయ్య వీధి మీంచి జారి ఇవతలికి వచ్చేసింది.

"అయిపోయింది. మీ అమ్మగారి ఇల్లు సేఫ్. సంతోషమేగా?"

అత్తయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. నేను లేచి సంచీ భుజాన వేసుకున్నాను. వదిన కదల్లేదు.

"ఇప్పుడు కాలువ ఎవరి మీద పడింది సార్?"

"ఇటు వీధి మీద. వాళ్లెవరూ ఇంకా రాలేదు లెండి."

"ఆ కప్పులు నేను గీశాను. అదిగో, ట్యాంకు పక్కన ఎవరో కుండీలు పెంచుకుంటున్నారు. ఆ మూల నీలం రేకుల ఇల్లు. ఎంత గీసినా వంకరొస్తుంటే మళ్లీ మళ్లీ చెరిపాను." వదిన తెరమీది నీలంగీత మీద వేలు పెట్టింది. "వెనక్కి పెట్టేయండి."

"మీ అమ్మగారి ఇంటి మీదకా?"

"వెనక్కి పెట్టండి సార్."

అతను భుజాలెగరేసి పెట్టేశాడు. అత్తయ్యకి ఏడుపు ముంచుకొచ్చింది. "కన్నతల్లి కొంప మీదకి కాలువ తెప్పించే కూతుర్ని ఎక్కడైనా చూశారా బాబూ?" అని ఇంజినీరునే అడిగింది.

అప్పుడు విన్నాను మా వదిన అరుపు. మా ఇంటి గోడలు ఏనాడూ విననిది, ఆ ఆఫీసంతా విన్నది.

"అది నీ ఇంటి మీదా లేదమ్మా, వాళ్ల ఇంటి మీదా లేదు! కాలువ ఉన్నచోటే ఉంది! ఇటు లాగేవాళ్లూ అటు లాగేవాళ్లే గానీ, వెళ్లి చూసినవాడు ఒక్కడూ లేడు. నాతో సహా! పావుగంట నడిస్తే కనిపిస్తుంది. లేవండి సార్!"

గుమాస్తాలు తలుపు దగ్గర గుమిగూడారు. ఇంజినీరు వాళ్లవైపు చూశాడు, మా వదినవైపు చూశాడు. బల్లకింద విప్పిపెట్టుకున్న బూట్ల కోసం కాళ్లతో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.