సాబేరా ఆరబెట్టిన కంప్యూటర్

మా ప్రెస్సులో కంప్యూటర్ ఎవరిదని అడిగితే, బిల్లు నా పేరున ఉంది కాబట్టి నాదే అంటాను. సంగతి తెలిసినవాళ్ళు నవ్వుతారు. దాని మీద నేను పెత్తనం చేసింది ఒక్క మధ్యాహ్నమే. ఆ మధ్యాహ్నం చేసిన ఘనకార్యం చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. కానీ సాబేరా గురించి చెప్పాలంటే దాన్ని దాటవేయలేను.

నా పేరు రాజలింగు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ప్రెస్సు నడుపుతున్నాను. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరందరికీ తెలుసు. నా దగ్గర కంపోజింగ్ పనికి చేరినవాడెవడూ రెండు నెలలు నిలవలేదు. అలాంటి రోజుల్లో ఎల్లారెడ్డి నుంచి బస్సు దిగి, నల్ల బుర్ఖాలో, చేతిలో టిఫిన్ డబ్బాతో ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయేమో.

"మీకు కోపం ఎక్కువంట గదన్నా" అంది, కూర్చోకముందే.

"ఎవలన్నరు?"

"బస్సుల అందరు అంటున్నరు. ఫరవాలేదు. మీకు కోపమొస్తే మీరు చెప్పుండ్రి, నాకొస్తే నేను చెప్త."

అట్లా చేరింది సాబేరా, నాలుగేళ్ళు ఉంది. తెలుగూ ఉర్దూ రెండూ టైపు చేసేది. అంతకంటే పెద్ద విద్య ఒకటి తండ్రి దగ్గర నేర్చింది. తండ్రి ఖుద్దూస్‌కు ఎల్లారెడ్డిలో మోటర్ల వైండింగ్ షాపు ఉండేది. వోల్టేజీ తక్కువై రైతుల బోరు మోటర్లు కాలిపోతే, ఆయన పాత తీగ తీసి కొత్త తీగ చుట్టేవాడు. ఇంట్లో కాయిళ్ళు చుట్టింది ఈ పిల్లే. ఖుద్దూస్ సౌదీకి పోయాక షాపు మూతపడింది గానీ, వేడెక్కిన యంత్రాన్ని చూసి దాని బాధ కనిపెట్టే గుణం ఈమె చేతుల్లో ఉండిపోయింది.

ఇక ఆమె తాత సంగతి. తల్లికి తండ్రి, ఘనీ సాబ్. ఆయన్ని 'నానా' అని పిలిచేది. ఎల్లారెడ్డిలో ఆయన కాతిబ్, అంటే కలంతో ఉర్దూ అందంగా రాసిపెట్టేవాడు. పెళ్ళికార్డులు, దుకాణాల బోర్డులు అన్నీ ఆయన చేతివే. నిజాం కాలం నాటి భూమి కాగితాలుంటాయి కదా, గొలుసుకట్టు ఉర్దూలో? వాటిని చదవగలిగినవాళ్ళు ఒక్కొక్కరే పోతుంటే, పెద్దకొడప్‌గల్ నుంచి, బీబీపేట నుంచి రైతులు ఆ కాగితాలు చంకలో పెట్టుకుని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఒక కప్పు చాయ్ తాగి చదివి చెప్పేవాడు. అట్లా ముప్పై ఏళ్ళు చదివి చదివి, ఆ కాగితాల్లో వచ్చే మాటలన్నీ ఒక పుస్తకంగా రాసుకున్నాడు. ఒకవైపు గొలుసుకట్టులో ఆ మాట ఎట్లా కనబడుతుందో, ఎదురుగా తెలుగులో దాని అర్థం. నూట ఎనభై పేజీలు, అన్నీ చేతిరాత.

తొంభై తొమ్మిది ఉగాది దాటాక ఆ కట్ట నా బల్ల మీద పెట్టాడు. అప్పటికే ఆయన కళ్ళకు నీటికాసులు. పక్క చూపు పోయింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనబడేది. రెండు మూడు నెలలకు మించి ఆ చూపు కూడా ఉంటుందని చెప్పలేనని హైదరాబాద్ డాక్టర్ అన్నాడట.

"రాజలింగూ, ఒక్కటే మాట" అన్నాడు. "ప్రతి పేజీ నేను కండ్లతోని చూసి సరే అన్నంకనే అచ్చెయ్యాలె. నేను చూడని కాగితం మీద నా పేరుండొద్దు."

సరేనన్నాను. అనడానికేం, నాలుకకు ఎముక లేదు. పని మొదలుపెట్టాక తెలిసింది అసలు కథ. టైపు చేస్తే ఆ పుస్తకానికి అర్థమే లేదు, చేతిరాతనే చూపించాలి. అంటే ప్రతి పేజీని స్కాన్ చేయాలి, పాత కాగితం మరకలు తీయాలి, వంకర సరిచేయాలి. పేజీని వెంట్రుకవాసి తిప్పమంటే మా కంప్యూటర్ ఆలోచనలో పడేది. నేను బయటికి పోయి చాయ్ తాగి, ఇద్దరితో గొడవపడి వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. ఒక్క పేజీకి ముప్పావుగంట. ప్రెస్సు పనులు పోను రోజుకు రెండు పేజీలు అయితే గొప్ప. ఆ లెక్కన ఘనీ సాబ్ చూపు పుస్తకం కంటే ముందే అయిపోతుంది. సాబేరాకూ ఆ లెక్క తెలుసు. గోడ మీది క్యాలెండర్ వైపు చూసేది, అంతే.

సరిగ్గా అప్పుడే సికింద్రాబాద్ డీలర్ ఫోన్ చేశాడు. కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్, అందులోనూ పెద్ద రకం, కొత్తది రావడంతో సగం ధరకే ఇస్తాడట. శనివారం దాకే. సగం ధర అనే మాట వింటే నాకు కాళ్ళాగవు. మా ఇంట్లో ఎవరూ ముట్టని రెండు కుట్టుమిషన్లు ఆ జబ్బుతో వచ్చినవే. "తెప్పిస్తున్న" అన్నాను. సాబేరా నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అన్నా, గది మా మదర్‌బోర్డు మీద కూర్చుంటదా?... కూర్చోదా? అయితే బోర్డు మార్చాలె. మెమరీ?... గదీ మార్చాలె. డబ్బా?... సరే, మళ్ళ చేస్తం." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "మీరు కొనేది ప్రాసెసర్ కాదన్నా. దాని పేరు చెప్పి కొత్త కంప్యూటర్ కొంటున్నరు. గదంత వచ్చి, బిగించి, సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కించేసరికి నెల పోతది. మా నానాకు నెల లేదు."

"మరేం చేద్దామంటవ్?"

"ఉన్నదాన్నే ఉరికిస్త."

ప్రాసెసర్‌ను కంపెనీవాడు చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపొచ్చని ఏదో కంప్యూటర్ పత్రికలో చదివిందట. బోర్డు మీద సూదులుంటాయి, వాటి మీద గోరంత తొడుగులుంటాయి. తొడుగు ఒక సూది మీంచి తీసి ఇంకో సూది మీద పెడితే వేగం మారుతుంది.

"కాలిపోతే?"

"కాలేముందు వేడి చెప్తదన్నా. చెయ్యి వెనుకపక్క ఆనించి మూడు లెక్కబెట్టేదాక ఓర్చుకోగలిగితే మోటరు బాగున్నట్టు. మా బాపు గట్లనే నేర్పిండు. మోటరుకైనా, దీనికైనా వేడి వేడే."

నూట అరవై ఆరు మెగాహెర్ట్జ్ మీద నడిచేదాన్ని ముందు రెండు వందలకు పెంచింది. రెండు రోజులు అక్కడే నడిపింది. డబ్బా పక్క రేకు విప్పి, గంటకోసారి ముంజేతి వెనుకభాగం ఆనించి చూసేది. బాగుందనుకున్నాక రెండు వందల ఇరవై ఐదు. ముప్పావుగంట పేజీ అరగంటలో అయింది! పనికిరాదని నేను తిట్టిన ఆ డబ్బానే. నేనైతే ఆ సాయంత్రం డీలర్‌కు ఫోన్ చేసి, అక్కర్లేదని పది నిమిషాలు పొగరుగా మాట్లాడాను.

మే నెల వచ్చింది. మన మే ఎండల సంగతి తెలిసిందే. పన్నెండు దాటితే కంప్యూటర్ ఉన్నచోటే నిలిచిపోయేది. సాబేరా బల్ల మీద కాగితం అంటించింది: పన్నెండు నుంచి నాలుగు దాకా ముట్టుకోవద్దు. అది నాకోసమేనని అందరికీ తెలుసు. పగలు పోయిన గంటలకు బదులుగా తెల్లవారుజాము మొదటి బస్సు పట్టుకుని ఏడింటికే వచ్చి తాళం తీసేది. చల్లని పూట నాలుగు పేజీలు లాగేది. ఆ పేజీలు సాయంత్రం ఎల్లారెడ్డికి పోయేవి, ఘనీ సాబ్ కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటి చూసేవాడు, తప్పులకు ఎర్ర సున్నా చుట్టేవాడు. మర్నాడు తిరిగి నా ప్రెస్సుకు వచ్చేవి. నూట ఇరవై ఆరు పేజీలు అట్లా అయ్యాయి.

అప్పుడొక రోజు సాబేరా తాతను కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. మధ్యాహ్నం రెండు. నాకు ఖాళీ. పిల్ల కష్టపడుతోంది, నేను నాలుగు పేజీలు చేసిపెడితే సంతోషపడుతుంది కదా అనుకున్నాను. వేడికి ఆగిపోతుందనే కదా భయం? మా ప్రెస్సులో గడ్డి కూలర్ ఉంది, నీళ్ళు కారే రకం, దాని ముందు కూర్చుంటే మే నెల మర్చిపోతాం. దాన్ని ఈడ్చుకొచ్చి, విప్పి ఉన్న డబ్బాకు ఎదురుగా పెట్టి ఫుల్లు మీద తిప్పాను. మనిషికి హాయిగా ఉన్నది దానికి ఉండదా అన్నది నా తెలివి. అరగంట బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత చిటుక్కుమంది. తెర నల్లగా అయింది. లోపలికి తొంగి చూస్తే బోర్డు మీద నీటి చుక్కలు.

ఆ పేజీలన్నీ ఉన్న డిస్కు ఆ డబ్బాలోనే ఉంది. అంత పెద్ద బొమ్మలు ఫ్లాపీల్లో పట్టవు, ఇంకెక్కడా నకలు లేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు ఏడింటికి సాబేరా వచ్చేసరికి నేను వాకిట్లోనే ఉన్నాను. జరిగింది ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కూలర్ వైపు చూసింది, డబ్బా వైపు చూసింది. "నాకు కోపమొచ్చిందన్నా" అంది, నెమ్మదిగా. "మొదటిరోజు చెప్పిన గద, వస్తే చెప్తనని." అంతే. చేతులు కడుక్కుని పనిలో దిగింది.

డిస్కు తీసి పొడి గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. బోర్డు విప్పి నూలుగుడ్డతో అద్దింది. కాగితాల అట్టపెట్టె ఒకటి తెచ్చి, మూతకు రంధ్రం చేసి, నూరు వాట్ల బల్బు లోపలికి వేలాడదీసింది. కింద బోర్డు.

"నీళ్ళు తాగిన మోటరును గిట్లనే ఆరబెడ్తరు. తొందరపడి కరెంటిస్తే పోతది."

పొద్దంతా ఆ బల్బు వెలిగింది. గంటకోసారి చెయ్యి వెనుకపక్కతో వేడి చూసి, బల్బును కొంచెం పైకో కిందికో జరిపేది. పదకొండింటికి డీలర్ మళ్ళీ ఫోన్. ఆ ప్రాసెసర్లలో ఆఖరిది మిగిలిందట. నేను ఓర్చుకోలేకపోయాను.

"కొందాం సాబేరా. నా తప్పు, నేనే కొంట. మొత్తం కొత్తదే తెప్పిస్త."

"కొత్త దాంట్ల మా నానా పేజీలుంటయా? డిస్కు బాగుంటే ఏ డబ్బాలున్నా ఉంటయ్. బాగలేకుంటే ఎంత పెద్ద ప్రాసెసరైనా గవి తిరిగిరావు. సాయంత్రం దాక ఆగుండ్రి." నేను డీలర్‌కు వద్దని చెప్పాను, ఈసారి పొగరు లేకుండా.

నాలుగింటికి బోర్డు బిగించింది. తొడుగులన్నీ పాత వేగం సూదుల మీదికి మార్చింది. స్విచ్ నన్నే వేయమంది. వేశాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. ఎంతసేపో. తర్వాత మూలన తెల్లని అక్షరాలు వచ్చాయి, లెక్కపెట్టుకున్నాయి. ఆమె ఫోల్డర్ తెరిచింది. ఒకటి నుంచి నూట ఇరవై ఆరు దాకా అన్నీ ఉన్నాయి. "అల్లా" అని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. నేను గల్లా పెట్టె వెనక్కి పోయి నా ముఖం తుడుచుకున్నాను.

మర్నాటి నుంచి రెండు వందలకే పెట్టింది. ఇరవై ఐదు తగ్గినా నిలబడి నడిచేదే కావాలంది. ఇంకొంచెం పెంచమని నేను ఆశపడినా వినలేదు. మొదటి బస్సు మానలేదు, ఆదివారం మానలేదు. జూలై మొదటి వారంలో పుస్తకం అచ్చయింది.

మొదటి ప్రతి తీసుకుని నేను కూడా ఎల్లారెడ్డి పోయాను. ఘనీ సాబ్ కిటికీ దగ్గర కూర్చున్నాడు. పుస్తకాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాడు. నూట ఇరవై ఏడో పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఇదేంది? ఈ గీత వంకరున్నది."

అది నేను కూలర్ ముందు పెట్టుకుని స్కాన్ చేసి పోగొట్టిన పేజీ. డబ్బా బాగయ్యాక, పిల్లకు ఒక పేజీ పని తగ్గిస్తానని మళ్ళీ నేనే పట్టుబట్టి చేశాను. ప్రూఫు ఆయన సరేనన్నాక, అచ్చుకు పోయేముందు ఆ కాగితాన్ని చూసుకోకుండా వంకరగా జరిపింది కూడా నేనే. ఇంకెవరైనా నా పనికి వంక పెడితే నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఆ రోజు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. కనబడుతోంది! వెంట్రుకంత వంకర ఆయనకు కనబడుతోంది! సాబేరా నా వైపు చూసి నవ్వింది, కళ్ళ నిండా నీళ్ళతో.

"నేను చూడనిదాని మీద నా పేరుండొద్దని చెప్పిన గద" అన్నాడు ముసలాయన, కోపంగా. "మళ్ళ వెయ్యి."

"రేపు పొద్దుగాల తెస్త నానా."

మర్నాడు మొదటి బస్సుకు వచ్చింది. ఒక్క పేజీ తిరిగి అచ్చువేశాం, ప్రతులన్నింటిలో మార్చాం. సాయంత్రం ఆ కాగితాన్ని తాత ముందు పెట్టిందట. ఆయన చాలాసేపు చూసి, "ఇప్పుడున్నది" అన్నాడట.

వానకాలం పోకముందే ఆయన చూపు పూర్తిగా పోయింది. రైతులు ఇంకా వస్తూనే ఉన్నారు, సాబేరా పుస్తకం తెరిచి చదివి చెబుతోంది. ఆయన పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కళ్ళున్నప్పుడు ఆయన చూసిన చివరి కాగితం మా ప్రెస్సుది.